మూడున్నరకి పాము గుంట

ఇసకపల్లి కాడ, బకింగ్‌హాం కాలవకి అవతల
పధ్నాలుగు రొయ్యల గుంటలు.
ఒక్కోదానికి ఆరు లెక్కలు:
ఆక్సిజన్, ఉప్పు, వేడి, పీహెచ్, మేత, కరెంటు.
ఎనభై నాలుగు అంకెల్ని ఒక్క తెర మీద పేర్చి
నెల్లూరు ఆఫీసులో చప్పట్లు కొట్టించుకుని
మధ్యాహ్నం బస్సులో దిగాను నేను.

షెడ్డు గోడకి తగిలించాం.
రాత్రి కాపలా చెంగయ్య తువ్వాలు తీసి
దాని మీద దుమ్ము తుడిచాడు.
దుమ్ము లేదు. అది మర్యాద.
"బాగుండాది మేడం,
తిరణాల్లో బల్బుల అంగడి మాదిరి."
మెచ్చుకోలనుకున్నాను,
తెల్లవారుజాము దాకా.

రెండున్నరకి మూడు ఎర్రలు ఒక్కసారే అరిచాయి.
ఒకటి బ్యాటరీ గురించి. ఒకటి ఉప్పు గురించి.
ఒక్కటి మాత్రమే ప్రాణం గురించి.
మూడూ ఒకే గొంతు.
చెంగయ్య అంకె చూశాడు, టార్చి అందుకున్నాడు,
గడప దాటాడు, ఆగాడు,
వెనక్కొచ్చి మళ్ళీ చూశాడు.
రెండోసారీ అంతే.
మూడోసారి పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి
అరచేతిలో రాసుకున్నాడు.

మనసు ఒడిలో ఒకేసారి నాలుగు పట్టడం కష్టమని
నేను చదివాను.
పరీక్షలో రాశాను, మార్కులూ పడ్డాయి.
తెర గీసేటప్పుడు
అదే మరిచిపోయాను.

పొద్దున టీ తాగుతూ అడిగాను:
పదకొండో గుంటలో గాలి తగ్గితే ఎట్లా తెలిసేది, ముందు?
"పదకొండోది అంటే యాడుండాది మేడం?
తాటిమొద్దు గుంటా? పాము గుంటా?
పోయినేడు తెల్లమచ్చొచ్చి
మమ్మల్ని ముంచిన గుంటా?"

ఏడేసి చొప్పున రెండు వరసలు గీశాను నేను.
అతని తలలో అవి ఒక నడక:
షెడ్డు నుంచి కాలవ తూము దాకా,
మలుపు తిరిగి ఉప్పు కయ్యల వైపు.

తుడిచేశాను.
ఆ నడకనే గీశాను.
అంకెలకి బదులు పేర్లు.
ఎంతుందో కాదు, ఇంకెంతసేపు ఆగగలదో.
గంటగా దిగుతున్న గాలికి ఒక తోక,
చూపు ఆనితే చాలు అర్థమయ్యేట్టు.
మిగతా డెబ్భై లెక్కలూ వెనక గదిలో
పిలిస్తేనే వస్తాయి.
ఎరుపు ఒక్కటే, ఒక్క పనికే.

గుర్తు పెట్టుకోవాల్సింది గోడ.
మనిషి గుర్తుపడితే చాలు.
ఈ రెండు మాటల మధ్య సందులోనే
నా ఉద్యోగం మొత్తం ఉందని
ఇరవై రోజులు పట్టింది తెలియడానికి.

గెలిచాననే రాశాను నివేదికలో.
ఆ మర్నాడే
మూడున్నరకి పాము గుంట ఎర్రబడింది,
ఇంకా నలభై నిమిషాలంది తెర.
చెంగయ్య చూశాడు, తలాడించాడు,
తాటిమొద్దు గుంట వైపు పరిగెత్తాడు.
అక్కడ తెర మీద చల్లటి నీలం.
గట్టున మాత్రం కొంగలు బారుతీరి ఉన్నాయి,
రొయ్యలు అంచుకొచ్చి తేలుతున్నాయి.
రెక్కల చక్రాలు తిప్పాక చెప్పాడు:
"ఆడ కర్రకి నాచు పట్టింది మేడం.
నీ పెట్టి పాపం, నిద్రలో పలుకుతుండాది."
పాము గుంటకి అప్పటికి
ఇంకా పాతిక నిమిషాలుంది.

అప్పట్నించి ఒక రంగు కోసం వెతుకుతున్నాను,
"నాకు తెలియదు" అని చెప్పే రంగు.
ఎరుపూ కాదు, నీలమూ కాదు.
చెంగయ్య గట్టు మీద ఎండిన నాచు చూపించి
ఇది పెట్టమన్నాడు.
పెట్టాను.
కడిగి రెండు రోజులు దాటిన కర్ర
ఇప్పుడు ఆ రంగులోకి తిరుగుతుంది.

నిన్న రాత్రి మళ్ళీ అతని అరచేతిలో బొగ్గు రాత.
గుండె జారింది. ఇంకేం మరిచాను?
చేయి చాపి చూపించాడు:
అల్లూరు మోటారు మెకానిక్ ఫోన్ నంబరు.
"ఇది నీ తెరలో ల్యా గదా."